చౌమహల్లాలోని పసుపు కారూ, నేను పాడుచేసిన నట్టూ

మీరు అడిగినవి మూడు సంగతులు. రోల్స్ రాయిస్‌కు అంత పేరు ఎలా వచ్చింది? మన రాజులు ఆ కార్లతో చెత్త ఎత్తించారన్న కథ నిజమేనా? ఇప్పుడు తయారవుతున్న కారు కూడా ఆ పేరుకు తగినదేనా?

ముందే చెబుతున్నాను, ఆ కారు కొనే స్తోమత నాకు ఏనాడూ లేదు. 1990ల చివర్లో హైదరాబాద్‌లో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డులో మూడేళ్ళు పని నేర్చుకున్నాను. అక్కడికి ఏటా చలికాలం ముందు ఒక రోల్స్ రాయిస్ 20/25 వచ్చేది. 1930ల నాటి బండి. దాని యజమాని పాత కార్ల ప్రదర్శనలకూ, బంధువుల పెళ్ళిళ్ళకూ తప్ప దాన్ని బయటికి తీసేవారు కాదు. ఆ బండి కింద పడుకుని నేర్చుకున్నదీ, ఆ తర్వాత పాతికేళ్ళుగా ఆసక్తి కొద్దీ చదివినదీ కలిపి చెబుతున్నాను.

మొదటి వారంలోనే ఒక తప్పు చేశాను. మా షెడ్డులో ఉన్నవన్నీ మిల్లీమీటర్ పానాలు. ఈ బండి నట్లకేమో పాత బ్రిటిష్ కొలతలు. ఉస్తాద్ తన సొంత పెట్టెలో ఆ పానాలు విడిగా దాచుకునేవారు. ఆయన నమాజుకు వెళ్ళిన సమయంలో నేను తొందరపడి, దగ్గరగా ఉందనిపించిన పానా ఒకటి తగిలించి బలంగా తిప్పాను. నట్టు కదలలేదు సరికదా, ఆరు మూలలూ అరిగి గుండ్రంగా తయారైంది. ఆయన వచ్చి చూశారు. తిట్టలేదు. ఇనుప కడ్డీ ముక్క ఒకటి నా చేతికిచ్చి, "నువ్వే చెయ్యి" అన్నారు. లేతు మీద మర చుట్టడం ఆయనే చేశారు, ఆకురాయితో మూలలు తీయడం నా వంతు. సాయంత్రం దాకా పట్టింది. అయినా నేను చేసిన నట్టు పక్కనున్న అసలు నట్ల మధ్య పళ్ళ వరసలో కట్టుడు పన్నులా కనిపించేది. అరవై ఏళ్ళు దాటిన ఆ నట్ల అంచులు అప్పటికీ చేతికి తెలిసేంత పదునుగా ఉన్నాయి. ప్రతి ముఖ్యమైన నట్టుకూ కిరీటంలా గాట్లు, ఆ గాట్లలోంచి దూర్చిన స్ప్లిట్ పిన్. ఎంత అదిరినా వదులు కాకూడదు, విప్పాలనుకున్నప్పుడు మాత్రం ఇట్టే రావాలి. ఈ బండికి పేరు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ నట్లే. రేడియేటర్ మీద నిలబడే వెండిరంగు బొమ్మ ఆ తర్వాతే.

హెన్రీ రాయిస్ మనిషే అలాంటివాడు. 1863లో ఇంగ్లండ్‌లో ఒక పిండిమర నడిపే ఇంట్లో పుట్టాడు. తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. పత్రికలు అమ్మాడు, టెలిగ్రాములు మోశాడు, రైల్వే వర్క్‌షాపులో పనివాడిగా చేరి ఫీజు కట్టే దిక్కులేక మధ్యలోనే మానేశాడు. 1884లో మాంచెస్టర్‌లో చిన్న కర్మాగారం పెట్టి విద్యుత్ పరికరాలతో మొదలుపెట్టి డైనమోలు, క్రేన్లు చేసేదాకా ఎదిగాడు. కార్ల మీదికి ఆయన దృష్టి మళ్ళింది చాలా ఆలస్యంగా. డెకావిల్ అనే ఫ్రెంచి కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దాన్ని పూర్తిగా విప్పి, ఎక్కడెక్కడ పని నాసిగా ఉందో చూసి, ఇంతకన్నా మంచిది తానే చేయగలననుకున్నాడు. 1904 ఏప్రిల్ 1న ఆయన మొదటి కారు రోడ్డెక్కింది. గమనిస్తే, కొత్తగా కనిపెట్టినది పెద్దగా ఏమీ లేదు. అందరూ చేస్తున్నదాన్నే ఎవరూ చేయనంత శ్రద్ధగా చేశాడు, అంతే.

ఛార్లెస్ రోల్స్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రభువుల బిడ్డ, కేంబ్రిడ్జ్ చదువు, లండన్‌లో విదేశీ కార్లు అమ్మే వ్యాపారం. తన దేశంలో తయారైన మంచి కారు ఒక్కటీ అమ్మలేకపోతున్నానన్న చింత ఉండేది. 1904 మే 4న ఇద్దరూ మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్లో కలిశారు. రాయిస్ ఎన్ని చేస్తే అన్నీ తాను అమ్ముతానని, పేరు మాత్రం రోల్స్ రాయిస్ అని ఉండాలని ఒప్పందం. చేసినవాడు రాయిస్, పేరులో ముందున్నవాడు రోల్స్! రోల్స్ కథ త్వరగానే ముగిసింది. విమానాల పిచ్చి పట్టి, 1910 జులైలో బోర్న్‌మత్‌లో విమానం కూలి, ముప్పై రెండో ఏట చనిపోయాడు.

మూడో మనిషి క్లాడ్ జాన్సన్. రోల్స్‌కూ రాయిస్‌కూ మధ్యనున్న అడ్డగీత ఈయనేనని సరదాగా అనేవారు. కంపెనీ వ్యవహారాలు నడిపింది ఈయనే. పేరు నిలబెట్టిన అసలు ఎత్తు కూడా ఈయనదే. 1907లో ఒక 40/50 కారుకు వెండి రంగు వేయించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరుపెట్టి, రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల్ని కూర్చోబెట్టి లండన్, గ్లాస్గోల మధ్య పదే పదే తిప్పించాడు. అది 14,371 మైళ్ళు బలవంతపు ఆగింపు లేకుండా నడిచింది. పరీక్ష మొత్తం 15,000 మైళ్ళు. ఆ తర్వాత బండిని విప్పించి, ఏ భాగం ఎంత అరిగిందో కొలిపించాడు. కొత్త బండిలా చేయడానికి కావలసిన భాగాల ఖర్చు రెండు పౌండ్ల పైచిలుకు మాత్రమే. ఆ రోజుల్లో కారెక్కి ఊరు దాటినవాడు మధ్యలో దిగి మరమ్మతు చేసుకోవడం మామూలు. ఆ నేపథ్యంలో చూస్తే ఈ లెక్క ఎంత గట్టిదో అర్థమవుతుంది. 'ప్రపంచంలోకెల్లా మంచి కారు' అని ప్రకటనల్లో రాసుకునే ధైర్యం దీంతోనే వచ్చింది. ఆ మోడల్ 1920ల మధ్య దాకా అమ్ముడుపోతూనే ఉంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, మన రాజుల కథలకు తాళంచెవి అదే. రెండో ప్రపంచయుద్ధం దాకా రోల్స్ రాయిస్ అమ్మింది పూర్తి కారు కాదు. ఛాసిస్ అనే కింది చట్రం, ఇంజన్, ముందు రేడియేటర్, అంతవరకే. పైన కూర్చునే భాగాన్ని బార్కర్, హూపర్ లాంటి బగ్గీలు కట్టే సంస్థల దగ్గర విడిగా కట్టించుకోవాలి. అందుకే వేటకు ఒకటి, ఊరేగింపుకు ఒకటి, పరదా వేసుకునే రాణులకు ఒకటి అని ఎవరికి నచ్చినట్టు వాళ్ళు చేయించుకున్నారు. ఆ విచిత్రాలన్నీ కొన్నవాళ్ళ ఊహలే. కింద పనిచేస్తున్నది మాత్రం రాయిస్ ఛాసిస్.

దీనికి మన ఊళ్ళోనే మంచి ఉదాహరణ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఊరేగింపుల కోసం ఒక సిల్వర్ ఘోస్ట్ పురమాయించారు. బార్కర్ వాళ్ళు కట్టారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, పైకప్పు గుమ్మటంలా ఉంటుంది. రంగు పసుపు, ఆసఫ్ జాహీల జెండా రంగు. అయితే ఆయన 1911 ఆగస్టులోనే కన్నుమూశారు. 1912 నాటి ఆ బండి కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. ముఖ్యమైన సందర్భాల్లో తప్ప కదిలింది లేదు కాబట్టి, అది తన జీవితంలో నడిచిన దూరం చాలా స్వల్పం. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. మా ఉస్తాద్‌ను ఒకసారి అక్కడికి తీసుకెళ్ళాను. జనమంతా గుమ్మటాన్ని ఫోటో తీసుకుంటుంటే ఆయన మాత్రం వంగి ముందు ఇరుసు కేసి చూస్తూ, "ఇంత మంచి ఇంజన్‌కు పనే చెప్పలేదు పాపం" అన్నారు.

చెత్త కథకు వద్దాం. ఒక మహారాజు మామూలు బట్టల్లో లండన్ షోరూంకు వెళ్ళాడట, సేల్స్‌మన్ పొమ్మన్నాడట, రాజు కోపంతో కార్లన్నీ కొని ఊరు ఊడ్పించాడట, చివరికి కంపెనీవాళ్ళు క్షమాపణ చెప్పారట. నేను దీన్ని ఆల్వార్ మహారాజు పేరుతో విన్నాను, పటియాలా పేరుతో విన్నాను, మా షెడ్డు పక్క టీ కొట్టులో ఏడో నిజాం పేరుతోనూ విన్నాను. కథ ఒకటే, రాజు మారుతూ ఉంటాడు. అలా మారినప్పుడే అనుమానం రావాలి. దీన్ని బలపరిచే దస్తావేజు గానీ, నాటి పత్రిక వార్త గానీ ఇంతవరకు నా కంటపడలేదు. చీపుర్లు కట్టిన కారు ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. చీపుర్లు కనిపిస్తే అది చెత్తబండి అయిపోదు. చక్రాల ముందు మేకులూ ముళ్ళూ పక్కకు తోయడానికి కూడా అలా కట్టవచ్చు. నా మట్టుకు నేను దీన్ని కట్టుకథగానే తీసుకుంటాను. అయితే ఎందుకు ఇంత బతికిందో అర్థమవుతుంది. తెల్లదొర చేసిన అవమానానికి మనవాడు బదులు తీర్చుకున్నాడంటే వినడానికి ఎవరికి బాగుండదు? నేనే కస్టమర్లకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో.

రూపాయి బిళ్ళ సంగతి కూడా చెప్పాలి. నడుస్తున్న ఇంజన్ మీద బిళ్ళను అంచు మీద నిలబెడితే పడదని అంటారు కదా. ఉస్తాద్ లేనప్పుడు నేనూ నిలబెట్టాను. టక్కున పడిపోయింది. ఆయనతో అంటే నవ్వి, ఇగ్నిషన్ టైమింగ్, అంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టే సమయం, ముందు సరిచూడమన్నారు. ఆ బండికి స్టీరింగ్ మధ్యలోనే చిన్న మీటలుంటాయి. ఇగ్నిషన్ ముందుకూ వెనక్కూ జరపడానికి ఒకటి, పెట్రోలు మిశ్రమం చిక్కగా పల్చగా మార్చడానికి ఒకటి. రెండు రోజులు కుస్తీ పట్టాక ఇంజన్ చప్పుడు కుట్టుమిషన్ స్థాయికి దిగింది. అప్పుడు బిళ్ళ నిలబడింది, కాసేపు. అంటే ఆ కథ అబద్ధం కాదు. కాకపోతే దాని వెనక ఒకడు రెండు రోజులు కూర్చోవాలి.

బ్రేకుతో మాత్రం గుండె జారింది. వీటిలో బ్రేకు పెడల్ నొక్కితే సాయపడే సర్వో ఒకటి గేర్‌బాక్సు నుంచి తిరుగుతుంది. చక్రాలు కాస్త తిరిగితే తప్ప దాని బలం అందదు. అది తెలియక షెడ్డులోంచి అంగుళాల లెక్కన బయటికి తీస్తూ పెడల్ నొక్కాను. బండి వినలేదు. హ్యాండ్‌బ్రేకు లాగి, గేటుకు జానెడు దూరంలో ఆపగలిగాను. ఆ రోజు మధ్యాహ్నం భోజనం సయించలేదు.

యుద్ధం తర్వాత కార్ల తయారీ ఇంగ్లండ్‌లోనే డర్బీ నుంచి క్రూ అనే ఊరికి మారింది. క్రమంగా కంపెనీయే పూర్తి బాడీ కట్టడం మొదలైంది. 1958లో ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ రాసిన ప్రకటన ప్రసిద్ధం. గంటకు అరవై మైళ్ళ వేగంలో ఈ కారులో వినిపించే పెద్ద శబ్దం గడియారానిదేనని దాని సారాంశం. ఇంజన్ బలం ఎంతని అడిగితే అంకె చెప్పకుండా 'సరిపడా' అనే రోజులవి. నాకు ఆ పొగరు నచ్చుతుంది. కానీ నిజం చెప్పాలంటే, 1965లో వచ్చిన సిల్వర్ షాడో తర్వాతి కాలంలో కంపెనీ చాలావరకు పాత పేరు మీదే బతికింది. జర్మన్ కార్లు దాటిపోతుంటే చెక్క పాలిష్, తోలు సీట్లు చూపించి నెట్టుకొచ్చింది. 1971లో కంపెనీ దివాలా తీసింది కూడా. అయితే ఆ పాపం కార్లది కాదు, అదే కంపెనీ తయారుచేస్తున్న ఆర్‌బి211 అనే విమాన ఇంజన్‌ది. దాని ఖర్చు కంపెనీని ముంచితే ప్రభుత్వం జాతీయం చేసి, కార్ల విభాగాన్ని 1973లో వేరు చేసింది.

అసలు తమాషా 1998లో జరిగింది. కార్ల కంపెనీని అమ్మకానికి పెడితే ఫోక్స్‌వాగన్ 43 కోట్ల పౌండ్లకు పాడుకుంది. క్రూ కర్మాగారం, పనివాళ్ళు, అక్కడే తయారయ్యే బెంట్లీ కార్లు, ముందుండే బొమ్మ, రేడియేటర్ ఆకారం, అన్నీ వచ్చాయి. రోల్స్ రాయిస్ అన్న పేరు మాత్రం రాలేదు! ఆ పేరు విమాన ఇంజన్ల కంపెనీ సొత్తు. వాళ్ళు దాన్ని 4 కోట్ల పౌండ్లకు బిఎండబ్ల్యూకు ఇచ్చేశారు. ఇల్లు ఒకరికి, ఇంటిపేరు మరొకరికి. చివరికి రాజీ కుదిరి, బొమ్మా పేరూ బిఎండబ్ల్యూకు చేరాయి, బెంట్లీ ఫోక్స్‌వాగన్‌కు మిగిలింది. ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో కొత్త కర్మాగారం కట్టి, 2003 జనవరి 1న మొదటి కొత్త ఫాంటమ్‌ను అప్పగించారు. అంటే రాయిస్ నడిచిన గచ్చు గానీ, ఆయన తర్వాతి పనివాళ్ళ బల్లలు గానీ ఇప్పటి కంపెనీకి దక్కలేదు. ఆ వారసత్వం క్రూలో బెంట్లీ కార్లు కడుతోంది.

మరి ఇప్పటి కారు ఆ పేరుకు తగ్గదేనా? కారుగా మంచిదే, సందేహం లేదు. 2003 ఫాంటమ్ లేకపోతే ఆ పేరు ఈపాటికి మ్యూజియంలో ఉండేది. ఒకసారి ఒక పెళ్ళి ఇంటి ముందు ఆగిన ఫాంటమ్‌ను దగ్గరగా చూశాను. చక్రం తిరిగి ఆగినా మధ్యలోని రెండు ఆర్ అక్షరాలు నిటారుగానే నిలిచాయి. తలుపు అంచులోంచి డ్రైవర్ గొడుగు తీసి చూపించాడు. ముచ్చటేసింది. కానీ బానెట్ ఎత్తితే కనిపించింది అంతా ప్లాస్టిక్ మూతలే. పానా పెట్టే చోటే లేదు. నా అభిమానం పాత బండి వైపు మొగ్గడానికి సగం కారణం ఇదేనని ఒప్పుకుంటాను. 2023 నుంచి అమ్ముతున్న స్పెక్టర్ మాత్రం నాకు ఆసక్తికరం. అది పూర్తిగా బ్యాటరీ బండి. డైనమోలతో జీవితం మొదలుపెట్టినవాడు రాయిస్. కరెంటు కారు చప్పుడూ వాసనా లేకుండా నడుస్తుందని 1900లోనే మెచ్చుకున్నవాడు రోల్స్. ఆ ఇద్దరూ చూసి ఉంటే దాని మీద మాత్రం తగువు పడేవారు కాదు.

మీరు హైదరాబాద్‌లోనే ఉంటే చౌమహల్లాకు ఒకసారి వెళ్ళిరండి. గుమ్మటం చూడటం అయ్యాక కాస్త వంగి ముందు చక్రాల మధ్యకు చూడండి, నేను చెప్పిన నట్ల పనితనం వీలైనంత మేరకు కనిపిస్తుంది. శుక్రవారం మాత్రం వెళ్ళకండి, సెలవు.