మాటలు బాగా వచ్చినా స్నేహాలు కుదరడం లేదు... ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. విలియమ్స్ సిండ్రోమ్ అని చిన్నప్పుడే జన్యుపరీక్షలో తేలింది. మాటలు చక్కగా వస్తాయి. అయితే బస్టాపులో కొత్తవారికి కూడా ఇంటి విషయాలన్నీ చెప్పేస్తోంది. తన ఈడువారిలో స్నేహితులు ఒక్కరూ లేరు. ఇంత బాగా మాట్లాడే పిల్లకు స్పీచ్ థెరపీ అవసరమా?
- ఒక తల్లి, ఖమ్మం

సలహా: అవసరమేనమ్మా. 7వ క్రోమోజోములో చిన్న భాగం లోపించడం వల్ల వచ్చే ఈ సమస్యలో మాట ధారాళంగా ఉంటుంది, మనుషులంటే విపరీతమైన ఇష్టం ఉంటుంది. కానీ ఎదుటివారు వింటున్నారా, విసుగుపడుతున్నారా, ఈ సంగతి వీరికి చెప్పదగినదేనా అని పోల్చుకునే నేర్పు ఆ ధారకు తగినంతగా పెరగదు. ఆ నేర్పును అలవాటు చేయించడం కూడా స్పీచ్ థెరపీలో భాగమే. 'పరీక్షలెలా రాశావమ్మా?' అని అడిగిన బంధువుకు ఒక్క ముక్కలో జవాబిచ్చి, వెంటనే ఆమె గాజుల గురించి మొదలుపెట్టి, ఆమె లేచి చెప్పులు వేసుకుంటున్నా ఆపకపోవడం ఇందుకు ఉదాహరణ. పెద్దలు ముచ్చటపడి ఊరుకుంటారు, తోటిపిల్లలు మాత్రం మెల్లగా తప్పుకుంటారు. ఇది మీ పెంపకంలో లోపం కాదు.

అన్ని జన్యు సమస్యల్లోనూ ఇలాగే ఉండదు. డౌన్ సిండ్రోమ్‌లో సాధారణంగా ఎదుటివారి మాటలు అర్థమైనంతగా తాము మాట్లాడలేరు. ఫ్రాజైల్ ఎక్స్ అనే మరో జన్యు సమస్యలో మనుషులంటే ఇష్టం ఉన్నా, బెరుకు వల్ల చాలామంది కళ్లలోకి చూడలేరు. కాబట్టి శిక్షణ మీ అమ్మాయి తీరును బట్టి ఉండాలి.

'కొత్తవారితో మాట్లాడకు' అని చెబితే చాలదు. ఒకసారి నవ్వి పలకరించినవారు ఈ పిల్లల దృష్టిలో కొత్తవారు కారు. అందుకే ఇంటి విషయాలు ఎవరితో చెప్పవచ్చో పేర్లతో, ఫొటోలతో ఒక పట్టిక చేయించండి. మిగతావారికి నమస్కారం, ఒక పలకరింపు, అంతటితో సరి. దీన్ని ఇంట్లో నటించి చూపించి, తరువాత అదే బస్టాపులో మీరు కాస్త దూరంగా నిలబడి అభ్యాసం చేయించండి. శరీరాన్ని ఎవరు తాకవచ్చు, ఫొటోలు, ఫోన్ నంబర్లు ఎవరికి ఇవ్వకూడదు అన్నవి కూడా ఈ వయసులో సూటిగా చెప్పాలి. మొహమాటపడి వాయిదా వేయకండి. అలాగని భయపెట్టవద్దు, ఈ పిల్లల్లో ఆందోళన ఎక్కువగా ఉంటుంది.

స్నేహం కోసం పెద్ద గుంపులోకి పంపడం కంటే, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పని ఉన్నచోట చేర్చడం మేలు. వీరిలో చాలామందికి సంగీతమంటే ప్రాణం కాబట్టి పాట క్లాసు మంచి ఆరంభం. పెద్ద శబ్దాలకు చెవులు మూసుకుంటున్నా, పిలిస్తే పలకకపోతున్నా వినికిడి పరీక్ష చేయించండి. గుండె, బీపీ పరీక్షలు ఎలాగూ క్రమంగా జరగాలి.

సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థలో ఇలాంటి పిల్లలకు పరీక్ష, శిక్షణ ఉన్నాయి. అక్కడికైనా, దగ్గర్లోని స్పీచ్ థెరపిస్టు దగ్గరికైనా వెళ్లే ముందు, ఆమె తోటిపిల్లలతో మాట్లాడుతున్న దృశ్యాన్ని, వారి పెద్దల అనుమతితో, ఫోనులో కొన్ని నిమిషాలు తీసి ఉంచుకోండి. ఎదురుగా కూర్చున్న డాక్టరుతో ఈ పిల్లలు ఎంతో చక్కగా మాట్లాడతారు కాబట్టి అసలు ఇబ్బంది ఆ గదిలో బయటపడకపోవచ్చు.