వినికిడి లోపం ఉన్న సహోద్యోగి టీమ్‌లో చేరుతుంటే ఏం మార్చుకోవాలి?

ప్రశ్న: "వచ్చే నెల మా టీమ్‌లో వినికిడి లోపం ఉన్న ఒకరు చేరుతున్నారు. డైవర్సిటీ మీద, అంటే రకరకాల మనుషుల్ని కలుపుకుని పనిచేయడం మీద, కంపెనీ సగం రోజు ట్రైనింగ్ ఇచ్చింది. అంతా విన్నాక కూడా రోజువారీ పనిలో ఏం మార్చుకోవాలో మాకు తెలియలేదు. చెప్పగలరా?"

తెలియకపోవడం మీ తప్పు కాదండీ. అలాంటి ట్రైనింగుల్లో అందరినీ కలుపుకుపొమ్మని చెప్తారు, మైకు ఎక్కడ పెట్టాలో మాత్రం చెప్పరు. అలెగ్జాండ్రా కాలెవ్, ఫ్రాంక్ డాబిన్, ఎరిన్ కెల్లీ అనే ముగ్గురు అమెరికాలోని 708 ప్రైవేటు సంస్థల 1971–2002 మధ్య లెక్కలు పరిశీలించి 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. మేనేజర్లలో మహిళల, నల్లజాతివారి వాటా పెంచడంలో అన్నిటికంటే తక్కువ పనిచేసినవాటిలో ట్రైనింగులు ఉన్నాయి. ఈ పని ఫలానా వాళ్ల బాధ్యత అని తేల్చి అప్పజెప్పిన చోట ఎక్కువ ఫలితం వచ్చింది. అది వైకల్యం మీద చేసిన పరిశోధన కాదు. అయినా ఇక్కడా అంతేనని నా గట్టి నమ్మకం. కాబట్టి మీటింగ్ ఏర్పాట్లు ఎవరు చూస్తారో ముందే ఒక పేరు రాసుకోండి. "అందరం చూసుకుందాం" అనుకుంటే రెండో వారానికే ఎవరూ చూడరు.

చేరబోయే వ్యక్తితో ముందుగా మేనేజర్ విడిగా, రాతపూర్వకంగా మాట్లాడాలి. సైన్ లాంగ్వేజ్ వాడతారా, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటారా, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) ఉందా, పెదవుల కదలిక చూసి గ్రహిస్తారా (లిప్ రీడింగ్), మాటలు తెర మీద అక్షరాలుగా పడే క్యాప్షన్లు సరిపోతాయా? ఒక్కొక్కరిది ఒక్కో తీరు. సైన్ లాంగ్వేజ్ అంటే ప్రపంచమంతా ఒకటే అనుకుంటారు చాలామంది. అమెరికా వాళ్లదీ బ్రిటన్ వాళ్లదీ ఒకదానికొకటి అర్థం కానంత వేరు. మాటల్ని సైగల్లోకి, సైగల్ని మాటల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్‌ని మాట్లాడుకునే ముందు ఏ సైన్ లాంగ్వేజో అడగండి. టీమ్‌కి ఎంతవరకు చెప్పాలన్నది కూడా ఆ వ్యక్తి ఇష్టమే. స్వాగతం పలికే మెయిల్‌లో "వినికిడి లోపాన్ని జయించిన" అంటూ మొదలుపెట్టకండి. వచ్చింది ఉద్యోగానికి, సన్మానానికి కాదు.

ఇక అసలు ఇబ్బంది మీటింగ్‌లో. ఏర్పాట్లేవీ లేకపోతే మామూలుగా జరిగేది ఇది. గదిలో ఏడుగురు, ఆన్‌లైన్‌లో ఇద్దరు. బల్ల చివర ఒక లాప్‌టాప్, దాని మైకే అందరికీ దిక్కు. ప్రొజెక్టర్ కోసం లైట్లు ఆర్పేశారు, దాంతో ఎవరి ముఖమూ కనబడదు. ఒకరు వైట్‌బోర్డు వైపు తిరిగి రాస్తూనే మాట్లాడుతున్నారు. ఇద్దరు ఒకేసారి అందుకున్నారు, ఎవరో జోక్ వేశారు, అందరూ నవ్వారు. కొత్తగా వచ్చినాయన పక్కవాళ్లని "ఏమన్నారు?" అని అడిగితే "ఏం లేదులే, తర్వాత చెప్తా" అన్నారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాదు. ఈలోగా "డేటాబేస్ ఇప్పుడే మార్చొద్దు" అని ఒకరన్నారు, క్యాప్షన్‌లో "మార్చొచ్చు" అని పడింది. సాయంత్రానికి ఆయన మార్చేశాడు. తప్పు ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు.

ఇందులో ఒక్కటీ దురుద్దేశంతో జరిగింది కాదు, అన్నీ ఏర్పాట్ల లోపాలే. ముందు మైకు సంగతి. ఆటోమేటిక్ క్యాప్షన్లు చాలాసార్లు మైకు దూరంగా ఉండటం వల్లే చెడతాయి. గదిలో ఉన్నా సరే, ఎవరి హెడ్‌సెట్‌తో వాళ్లు కాల్‌లో చేరితే క్యాప్షన్లు బాగుపడతాయి, ఎవరు మాట్లాడుతున్నారో పేరు కూడా పడుతుంది. ఒకే గదిలో ఇలా చేరినప్పుడు స్పీకర్లన్నీ ఆపేసి, మాట్లాడే మనిషి తప్ప మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండాలి, లేకపోతే గీపెట్టిన శబ్దం వస్తుంది. రెండు భాషలు కలిపి మాట్లాడితే క్యాప్షన్లు తడబడతాయి. ఆ మీటింగ్ వరకైనా ఒకే భాషకు కట్టుబడండి. ఎంత మంచి క్యాప్షన్లైనా అంకెలు, మనుషుల పేర్లు, "కాదు", "వద్దు" లాంటి చోట్లే దెబ్బతింటాయి. అందుకే ప్రతి నిర్ణయాన్నీ, తేదీనీ, అంకెనూ ఒకరు వెంటనే చాట్‌లో టైప్ చేయాలి. మీటింగ్ అయ్యాక పంపే మినిట్స్ దీనికి బదులు కావు. అవి చేరేసరికి అభ్యంతరం చెప్పే సమయం దాటిపోతుంది.

హియరింగ్ ఎయిడ్ ఉందిగా, చాలదా అంటారు. కళ్లద్దాలు పెట్టుకోగానే చూపు సరిపోయినట్టు ఇది పెట్టుకోగానే వినికిడి సరిపోదు. మనిషి దగ్గరగా, ఒకటి రెండు మీటర్లలో ఉన్నప్పుడు బాగా పనిచేస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఏసీ హోరు, కుర్చీల చప్పుడు, గోడల ప్రతిధ్వని మాటతో కలిసిపోతాయి. బల్ల మధ్యలో పెట్టేదో మాట్లాడేవారి కాలర్‌కి తగిలించేదో ఒక రిమోట్ మైక్రోఫోన్ ఉంటే మాట నేరుగా హియరింగ్ ఎయిడ్‌కి వెళ్తుంది. ఆ మైకు వాళ్ల హియరింగ్ ఎయిడ్ బ్రాండుతో పనిచేస్తుందో లేదో వాళ్లనే అడిగి కొనండి.

లిప్ రీడింగ్ మీద అందరికీ లేనిపోని నమ్మకం. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా "పాట, బాట, మాట" అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. మిగతాదంతా సందర్భాన్ని బట్టి ఊహించుకోవడమే, ఆ ఊహ గంటసేపు సాగితే మెదడు అలిసిపోతుంది. అందుకే ముప్పావుగంటకోసారి విరామం ఇవ్వండి. వెలుతురు మాట్లాడేవారి ముఖం మీద పడాలి. కిటికీ ఉంటే దానికి వీపు పెట్టి కూర్చునే కుర్చీ ఆ సహోద్యోగిది. పొడవాటి బల్ల కంటే గుండ్రటిది, లేదా యు ఆకారంలో కుర్చీలు మేలు. గట్టిగా అరవకండి, అరిస్తే పెదవుల ఆకారం మారిపోతుంది. ఒక వాక్యం రెండుసార్లు చెప్పినా అందకపోతే మూడోసారి అదే చెప్పకుండా వేరే మాటల్లో చెప్పండి.

ఇంటర్‌ప్రెటర్ ఉంటే పద్ధతి మారుతుంది. గంట దాటే మీటింగ్‌కి ఇద్దరు కావాలి, సుమారు ఇరవై నిమిషాలకొకసారి మార్చుకుంటారు. ఒక్కరితో లాగించి ఖర్చు మిగిల్చామనుకుంటే చివరి భాగంలో తప్పులు దొర్లుతాయి. ఎజెండా, స్లయిడ్లు, మీ టీమ్‌లో వాడే పొట్టి పేర్ల జాబితా ముందురోజే వాళ్లకి పంపండి. మాట్లాడేటప్పుడు సహోద్యోగి వైపే చూసి "మీరేమంటారు?" అనండి. ఇంటర్‌ప్రెటర్ వైపు తిరిగి "ఆయన్ని అడగండి" అనడం ఎదురుగా కూర్చున్న మనిషిని లేనట్టు చేయడమే. సైగలు మాటల కంటే కొన్ని సెకన్లు వెనక ఉంటాయి. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగి వెంటనే "సరే, ముందుకెళ్దాం" అంటే ఆ ప్రశ్న ఆయనకి చేరేలోపే తలుపు మూసేసినట్టు. ఐదారు సెకన్లు ఆగండి. స్లయిడ్ చూపించాక కూడా అంతే. ఒకే జత కళ్లతో స్లయిడ్‌నూ చేతులనూ ఒకేసారి చూడలేరు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేయగానే ఇంటర్‌ప్రెటర్ బొమ్మ మూలకి చిన్నదైపోతుంది. ఆ వీడియో ఎప్పుడూ పెద్దగా కనబడేలా పిన్ చేశారో లేదో మొదటి నిమిషంలోనే సరిచూసుకోండి.

మాట్లాడాలనుకునేవారు చెయ్యెత్తి, పేరు చెప్పి మొదలుపెట్టడం అన్న ఒక్క నియమం మాత్రం ఇంకేమీ చేయలేకపోయినా పెట్టండి. మొదటి వారం కాస్త స్కూల్లా అనిపిస్తుంది. తర్వాత చూస్తే, ఎప్పుడూ నోరు విప్పని ఇద్దరు ముగ్గురు కూడా మాట్లాడటం మొదలుపెడతారు. వాళ్లకి వినికిడి సమస్య ఉండదు, సందు దొరకదంతే.

మీటింగ్ బయట జనం మర్చిపోయేవి కొన్ని ఉన్నాయి. అగ్నిప్రమాద హెచ్చరిక శబ్దం మాత్రమే అయితే అది ఆ ఉద్యోగికి లేనట్టే. మెరిసే లైటు గానీ వణికే పేజర్ గానీ కావాలి. ఆ లైటు ఉద్యోగి కూర్చునే చోటే కాదు, టాయిలెట్లోనూ ఉండాలి. "పక్కన కూర్చునే అతను చెప్తాడులే" అనుకుంటే, అతను సెలవు పెట్టిన రోజు సంగతేంటి? అలాగే కంప్యూటర్ పాడైతే ఫోన్ చేస్తే తప్ప కదలని హెల్ప్‌డెస్క్, మొదటి రౌండ్ ఫోన్‌లోనే జరగాలనే ఇంటర్వ్యూ. వీటికి చాట్ దారి తెరవడానికి సెట్టింగుల్లో కాసేపు పని చాలు. డైవర్సిటీ మీద తీసిన ట్రైనింగ్ వీడియోకే క్యాప్షన్లు లేని కంపెనీల గురించి ఏం మాట్లాడతాం!

ఎవరైనా "ఇదంతా ఒక్కరి కోసమా?" అంటే వాదన పెట్టుకోకండి. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, మోయలేని భారం కాని సహేతుకమైన ఏర్పాట్లు నిరాకరించడాన్ని కూడా వివక్షగానే లెక్కిస్తుంది. చాలా దేశాల చట్టాలదీ అదే దారి. దయ చూపడం గురించి కాదు ఈ మాట.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. ఇన్ని ఏర్పాట్లు చేసిన టీమ్‌లు కూడా బోల్తా పడేది అప్రైజల్ దగ్గర, అంటే ఉద్యోగి పనితీరుకు మార్కులు వేసే చోట. ఫారంలో "కమ్యూనికేషన్" అని ఒక గడి ఉంటుంది. మాట తొణక్కుండా, గలగలా మాట్లాడేవాళ్లకి అందులో ఐదుకి ఐదు పడతాయి. వినికిడి లోపం ఉన్నవారికి, నత్తి ఉన్నవారికి, యాస వేరుగా ఉన్నవారికి "మెరుగుపడాలి" అని రాసేస్తారు, ఉదాహరణ ఒక్కటీ ఉండదు. ఆ గడి పేరు మార్చమని హెచ్ఆర్‌ని అడగండి: అప్‌డేట్లు సమయానికి ఇచ్చారా, రాసిన డాక్యుమెంట్ చదివి వేరేవాళ్లు పని చేయగలిగారా, ఇబ్బంది వస్తుందని ముందే చెప్పారా. పేరు మార్చడం కుదరదంటే, "మెరుగుపడాలి" అని రాసే ప్రతి మేనేజర్ తేదీలతో రెండు సంఘటనలు జతచేయాలని పట్టుబట్టండి. ఆ సంఘటన జరిగిన రోజు క్యాప్షన్లు గానీ ఇంటర్‌ప్రెటర్ గానీ లేకపోతే, ఆ వ్యాఖ్య ఉద్యోగి ఫారంలోంచి తీసి మీటింగ్ ఏర్పాట్లు చూసే వ్యక్తి ఫారంలో రాయాలి.