గిన్నె బోల్తా కొట్టే ఆట ఆపించకండి

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. నవంబరులో వేట నుంచి తిరిగొస్తుండగా ఒడ్డు కనబడుతుండగానే అలకు బోటు తిరగబడి మా ఆయన చనిపోయాడు. బోటు వస్తోందని మా మామ నాలుగున్నరేళ్ళ బాబును ఎత్తుకుని ఒడ్డుకు పోయి ఉన్నాడు. వాడు అంతా చూశాడు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు మాత్రం పక్కింటికి పంపేశాం. మూడు నెలలైంది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. గాలి గట్టిగా వీస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. అంగన్‌వాడీకి పోడు, నా కొంగు వదలడు. అన్నిటికన్నా నాకు భయం వాడి ఆట. నీళ్ళ తొట్టిలో ప్లాస్టిక్ గిన్నె వేసి, అందులో బట్టల క్లిప్పు పెట్టి, గిన్నెను బోల్తా కొడతాడు. తీసి మళ్ళీ పెడతాడు, మళ్ళీ బోల్తా. రోజుకు ఇరవై ముప్ఫై సార్లు. అపశకునమని మా అత్త చెయ్యి మీద కొడుతుంది. గాలి సోకిందేమోనని కసుమూరు దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. నాయన వేటకు పోయాడు, వస్తాడని వాడికి చెప్పాం. పొద్దుగూకితే గడపలో కూర్చుంటాడు. ఎనిమిదేళ్ళ పాప మాత్రం బంగారం. ఒక్కసారీ ఏడవలేదు, ఇంటి పనంతా అందుకుంటుంది. బాబుకు పిచ్చి పట్టిందా?

జవాబు: అమ్మా, మీ బాబుకు పిచ్చి పట్టలేదు. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. మీరు నాకు ఈ ఉత్తరం రాశారు చూడండి, ఆ గిన్నెతో వాడు చేస్తున్నదీ అదే. జరిగింది చెప్పుకోవడానికి మీకు మాటలున్నాయి. నాలుగేళ్ళవాడికి అంత మాటలు లేవు, అందుకని చేతులతో చెప్పుకుంటున్నాడు. భూకంపం చూసిన పిల్లలు ఇటుకలు పేర్చి కూలగొడతారు, రోడ్డు ప్రమాదం చూసినవాళ్ళు బొమ్మ లారీలను గుద్దిస్తారు. లోపల మింగుడుపడని దాన్ని పసివాళ్ళు మళ్ళీమళ్ళీ బయటికి తీసి చూసుకునే పద్ధతి ఇది. కొట్టి మాన్పిస్తే ఆట ఆగుతుంది కానీ భయం ఎక్కడికీ పోదు.

కాబట్టి రేపు వాడు తొట్టి దగ్గర కూర్చున్నప్పుడు మీరూ పక్కన కూర్చోండి. ఎలాగూ నీళ్ళ దగ్గర పసివాణ్ణి ఒంటరిగా వదలకూడదు. వెంటనే ఏమీ చెప్పొద్దు. కళ్ళకు కనబడిందే మెల్లగా అనండి: “గిన్నె తిరగబడింది. క్లిప్పు నీళ్ళలో పడిపోయింది.” రెండు మూడు రోజులు అంతే. తర్వాత ఇంకో క్లిప్పు చేతిలోకి తీసుకుని అడగండి: “ఆ రోజు ఒడ్డు మీద ఎవరెవరున్నారు? నిన్నెవరు ఎత్తుకున్నారు?” తాత ఎత్తుకున్నాడని వాడికి తెలుసు. జనం పరిగెత్తుకొచ్చిందీ చూసే ఉంటాడు. ఆ తాత క్లిప్పు, ఆ జనం క్లిప్పులు ఆటలోకి రానివ్వండి. చివరికి బాబు క్లిప్పు ఇంటికి చేరి మీ ఒళ్ళో కూర్చోవాలి. ఒక్క జాగ్రత్త: నాయన క్లిప్పును బతికించి ఒడ్డుకు తేవద్దు. జరగనిది జరిగినట్టు చూపిస్తే వాడికి మళ్ళీ ఆశ పుడుతుంది.

ఇక మీకు కష్టంగా ఉన్నా చెప్పాల్సిన మాట. “వేటకు పోయాడు, వస్తాడు” అనడం ఈ రోజుతో ఆపేయండి. బోటు తిరగబడడం వాడు కళ్ళారా చూశాడు. ఇంట్లోవాళ్ళు వస్తాడంటున్నారు. వాడు తన కళ్ళను నమ్మాలా, అమ్మను నమ్మాలా? ఆ నలుగుబాటే వాణ్ణి సాయంత్రం గడపలో కూర్చోబెడుతోంది. పిల్లలకేం తెలుస్తుంది, నాలుగు రోజులుంటే మర్చిపోతారు అని మన ఇళ్ళలో అందరూ అంటారు. ఆ మాట మంచి మనసుతోనే అంటారు, కానీ తప్పు. ఎవరూ నోరు విప్పని ఇంట్లో పసివాడు తనకు తోచిన కారణం అల్లుకుంటాడు. పొద్దున నేను మారాం చేశాను కాబట్టి నాయన రాలేదు అనుకునే వయసది.

ఇలా చెప్పండి. పగటిపూట, వాడి కడుపు నిండి ఉన్నప్పుడు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని: “నాయన బోటు తిరగబడింది. నాయన నీళ్ళలో పడ్డాడు. ఊపిరి ఆగిపోయింది. నాయన చచ్చిపోయాడు. చచ్చిపోయినవాళ్ళు మళ్ళీ రారు. నువ్వు ఏ తప్పూ చేయలేదు. నేను, నాయనమ్మ, తాత, అక్క నీ దగ్గర ఉన్నాం.” నిద్రపోయాడనొద్దు, నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. దేవుడు తీసుకుపోయాడని కూడా వద్దు, రేపు గుడికి రానంటాడు. చావు అంటే ఇక ఎప్పటికీ రాకపోవడమని ఈ వయసుకు పూర్తిగా అందదు. రేపు పొద్దున లేచి “నాయన ఎప్పుడొస్తాడు?” అని మళ్ళీ అడుగుతాడు. విసుక్కోకుండా ఆ మాటలే మళ్ళీ చెప్పండి. చెప్తుంటే మీకు ఏడుపొస్తే ఏడవండి. “అమ్మకు నాయన గుర్తొచ్చి ఏడుస్తోంది, నీ మీద కోపం లేదు” అని ఒక్క మాట అంటే చాలు.

పరామర్శకు వచ్చినవాళ్ళు “ఇక ఈ ఇంటికి నువ్వే మొగదిక్కు” అని వాడి తల నిమిరి ఉంటారు. దయచేసి ఆ మాట ఎవర్నీ అననివ్వకండి. నాలుగేళ్ళ భుజాల మీద పెట్టే బరువు కాదది.

పక్క తడుపుతున్నాడని తిట్టొద్దు, అక్క ముందు సిగ్గుపడేలా చేయొద్దు. అది వాడి అదుపులో లేదు. పక్క మీద రబ్బరు షీటు వేయండి, ఒకసారి ఆరోగ్య కేంద్రంలో మూత్రం పరీక్ష కూడా చేయించండి. అన్నం, స్నానం, పడుకోవడం రోజూ ఒకే వేళకు, ఒకే వరసలో జరగనివ్వండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన ఇంట్లో పసిమనసు కుదుటపడుతుంది. గాలి మొదలయ్యేలోపే చెప్పండి: “గాలి వస్తోంది. మనం ఇంట్లో ఉన్నాం. గడి వేశాను, చూడు.” వాడి చేత్తోనే గడి పట్టించి చూపించండి.

అంగన్‌వాడీ మాన్పించొద్దు. అలాగని వాణ్ణి ఏమార్చి జారుకోవద్దు. వాళ్ళ నాయన కూడా పోయొస్తానని పోయినవాడే కదా. మొదటి రెండు రోజులు మీరూ అక్కడే కూర్చోండి, తర్వాత అరగంట, ఆ తర్వాత గంట బయటికి వెళ్ళి, చెప్పిన వేళకు తప్పకుండా తిరిగి రండి. మీ పాత చీర కొంగులోంచి చిన్న ముక్క కత్తిరించి వాడి జేబులో పెట్టండి. అంగన్‌వాడీ టీచరుకు జరిగింది చెప్పి ఉంచండి.

మీ అత్తగారి మీద నాకు కోపం రాలేదు. ఆమె కడుపున పుట్టినవాణ్ణి పోగొట్టుకుంది. ఆ గిన్నె తిరగబడిన ప్రతిసారీ ఆమె కొడుకు మళ్ళీ మునుగుతున్నాడు, అందుకే చెయ్యి లేస్తోంది. తాయెత్తు ఉండనివ్వండి, దానివల్ల వాడికి చెరుపు లేదు. కొట్టడం, పొగ వేయడం, దయ్యమని వాడి ముందు మాట్లాడుకోవడం మాత్రం కూడదు. ఆమెకు ఒక పని అప్పజెప్పండి. రోజూ రాత్రి బాబును పక్కలో వేసుకుని, వాళ్ళ నాయన చిన్నప్పుడు చేసిన అల్లరి ఒకటి చెప్పమనండి. వాడికి మునిగిపోయిన నాయనే కాకుండా, చెట్టెక్కి దెబ్బలు తిన్న నాయన కూడా గుర్తుండాలి.

సముద్రం సంగతి. “పట్టపోళ్ళ బిడ్డకు సముద్రమంటే భయమా” అని ఎవరో ఒకరు వాణ్ణి ఎత్తుకుపోయి నీళ్ళలో దించుతారు. ఒప్పుకోవద్దు. అలా చేస్తే భయం ఇంకా గట్టిపడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. ఆ 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి, ఎవరి నాయనా లోపలికి పోడు. మీ బాబుకు అంతకన్నా మంచి సమయం దొరకదు. మొదట అల్లంత దూరం నుంచి చూసి వెనక్కి వచ్చేయండి. ఇంకో రోజు వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. చాలని వాడు చెయ్యి లాగిన చోట ఆగిపోండి.

ఇంత చెప్పినా, ఇంట్లో చేసేదాంతోనే సరిపెట్టుకోమనను. ఇలాంటి లక్షణాలు నెల దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. మీకు మూడు నెలలైంది. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వాణ్ణి తీసుకుని వెళ్ళండి. ఈ వయసులో మామూలుగా ముందు మందులివ్వరు, తల్లిని పక్కన పెట్టుకుని ఆటలతో, మాటలతో వైద్యం చేస్తారు. మందుల షాపులో నిద్ర సిరప్ అడిగి పోయొద్దు. ఈలోపు మనసు బాధలకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోను టెలీ మానస్ 14416 కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోను మీ కోసం కూడా. ఉత్తరమంతా బాబు గురించే రాశారు, మీరు నిద్రపోతున్నారో లేదో ఒక్క ముక్క రాయలేదు. పసివాడు భయపడినప్పుడు మొదట చూసేది అమ్మ మొహాన్నే.

డబ్బు టెన్షన్ కూడా ఉండే ఉంటుంది. మీ ఆయన పేరు మత్స్య సంపద పథకం ప్రమాద బీమాలో నమోదై ఉంటే 5 లక్షలు వస్తుంది, మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. భర్త పోయిన తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టండి. కాగితాల దగ్గర ఇబ్బందొస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100.

చివరగా మీ పాప. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండు ముక్కలే. నాయన పోయిన ఎనిమిదేళ్ళ పిల్ల మూడు నెలల్లో ఒక్కసారీ ఏడవలేదంటే, తను కూడా ఏడిస్తే అమ్మ తట్టుకోలేదని అనుకుని ఉంటుంది. తమ్ముడి పేచీ అందరికీ వినబడుతోంది, ఆ పిల్లది ఎవరికీ వినబడడం లేదు. ఈ సాయంత్రం గిన్నెలు తనను కడగనివ్వకండి. బాబును కాసేపు తాతకు అప్పజెప్పి, పాపను ముందు కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసి నిదానంగా జడ వేయండి. మొహం అటువైపు ఉంటుంది కాబట్టి మాట్లాడడం తనకూ తేలిక. “నాకు నాయన బాగా గుర్తొస్తున్నాడు, నీకూ?” అని అడిగి, జడ అల్లుతూ ఉండండి. తను మాట్లాడకపోయినా జడ పూర్తయ్యేదాకా అక్కడే ఉండండి. రేపు కూడా మీరే వేయండి.