కూచిపూడి బృందాన్ని విజయనగరం పిలిచినప్పుడు ముందు చూసుకోవాల్సింది స్టేజీ నేల

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కృష్ణా జిల్లా నుంచి కూచిపూడి బృందం విజయనగరం వచ్చి వరుసగా రెండు సాయంత్రాలు ఆడుతుంది. మొదటి రోజు సత్యభామ కథ భామాకలాపం, రెండో రోజు భక్త ప్రహ్లాద. వాద్యకారులతో కలిపి 22 మంది. హాలు మాట్లాడేశారు, ఫ్లెక్సీలకు, ఆహ్వాన పత్రికలకు ఆర్డరిచ్చారు. ఇంకా ఏం చూసుకోవాలి?

ఫ్లెక్సీలు రెండు రోజుల ముందు చేయించినా అయిపోతాయి. ముందు స్టేజీ నేల, తర్వాత ఆడేవాళ్ల చెవికి పాట వినబడడం, ఆ తర్వాత టైము. డబ్బూ శ్రద్ధా ఈ వరసలో పెట్టండి. మన దగ్గర చాలామంది నిర్వాహకులు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు.

నేల సంగతి. కూచిపూడి ఉత్త కాళ్లతో ఆడే నాట్యం. మడమ పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ మోకాలికి, నడుముకు ఎక్కుతుంది. అడుగున గాలి ఉన్న చెక్క స్టేజీ అయితే ఆ దెబ్బను కొంత మింగుతుంది. కాంక్రీటు మీద గ్రానైటో, టైల్సో అంటించిన స్టేజీ అయితే ఏమీ మింగదు. మొదటి రోజు ఎవరూ ఏమీ అనరు. రెండో రోజు పొద్దున్నకి మడమలు వాచిపోతాయి, ఆ సాయంత్రం అడుగు సగం బలంతో పడుతుంది. ఆనంద గజపతి ఆడిటోరియం కానివ్వండి, గురజాడ కళాభారతి కానివ్వండి, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ కానివ్వండి, ఒకరి మాట మీద ఆధారపడకండి. టేపు పట్టుకుని వెళ్లి, చెప్పులు విప్పి, మడమతో గట్టిగా నాలుగు దెబ్బలు వేసి చూడండి.

నేల గట్టిదైతే ప్లైవుడ్ పరిపించండి. 32 అడుగుల వెడల్పు, 24 అడుగుల లోతు ఉంటే ఈ రెండు నాటకాలకూ సరిపోతుంది. 8×4 అడుగుల 18 ఎంఎం షీట్లు 24 పడతాయి. షీటు పొడవు స్టేజీ వెడల్పు వైపు ఉండేలా ఆరు వరసలు వేయించండి, వరసకు నాలుగు. ఇటుకల గోడ కట్టినట్టు వరస మార్చి వరస జాయింట్లు తప్పించాలి. లేకపోతే నాలుగు మూలలు ఒక్కచోట కలిసి, అక్కడ అడుగు పడినప్పుడల్లా షీటు ఎగురుతుంది. దీనికి మూడు షీట్లను సగానికి కోయిస్తే చాలు. షీట్ల కింద పల్చటి రబ్బరు మ్యాట్ వేయండి. జంపఖానా వేస్తే నున్నటి గ్రానైటు మీద మొత్తం జారుతుంది. పైన జాయింట్లకు నల్ల గుడ్డ టేపు వేయాలి. బ్రౌన్ ప్యాకింగ్ టేపు చెమటకు, పారాణికి లేచిపోయి వేళ్లకు చుట్టుకుంటుంది.

షామియానా వాళ్లు అడగకుండానే ఎర్ర కార్పెట్ తెచ్చి పరిచేస్తారు. వద్దని ముందే చెప్పండి. భ్రమరిలో గిరగిరా తిరిగేటప్పుడు అరికాలి చర్మం కార్పెట్‌కు రాసుకుని కాలుతుంది, ముడత పడితే కాలు తగులుకుంటుంది. నాటకానికి ముందు తరంగం, అంటే ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడేది, పెట్టుకుంటే ఆ పళ్లెం కార్పెట్ మీద కదలనే కదలదు. ప్లైవుడ్ మీద చక్కగా కదులుతుంది గానీ, రెండు షీట్ల మధ్య ఎత్తు తేడా కాస్త ఉన్నా అంచు అక్కడ పట్టేస్తుంది. స్టేజీ మధ్యలో ముందూ వెనకా వచ్చే జాయింట్లన్నీ గరుకు కాగితంతో సమం చేయించి, అవెక్కడ ఉన్నాయో తరంగం చేసే ఆవిడకు పొద్దున్నే చూపించండి.

ప్రదర్శన రోజు నేలను మామూలు నీళ్లతో తడిగుడ్డ పెట్టి తుడిపించాలి. ఫినాయిల్ వద్దు, నునుపెక్కుతుంది. ఆరాక మీరే ఒకసారి ఉత్త కాళ్లు ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. మేకు తల, చెక్క పేడు ఏదున్నా మీ కాలికి తగలాలి గానీ వాళ్ల కాలికి కాదు. జ్యోతి ప్రజ్వలన దీపం స్టేజీ మధ్యలో పెట్టకండి. ఒక పక్కగా, పెద్ద పళ్లెంలో ఇసక పోసి దాని మీద పెట్టి, అయిన వెంటనే లోపలికి తీసేయాలి. రెండు చుక్కల నూనె చాలు కాలు జారడానికి. పూజకు చల్లిన పూలరేకులూ అంతే. ఇంకొకటి, గజ్జెల పట్టీ నుంచి తెగి పడిన మువ్వ. దాని మీద కాలు పడితే చీలమండ మడత పడుతుంది. దృశ్యానికీ దృశ్యానికీ మధ్య మెత్తటి చీపురు తిప్పడానికి ఒక మనిషిని స్టేజీ పక్క తెరల చాటున, వింగ్‌లోనే ఉంచండి. పొగ మిషన్ అసలు వద్దు. దాని తడి నేల మీద పేరుకుంటుంది, పాడేవాళ్ల గొంతు పట్టేస్తుంది.

ఇక సౌండు. మన సౌండు వాళ్ల దృష్టంతా జనం వైపు బాక్సుల మీదే ఉంటుంది. నాటకానికి ప్రాణం మాత్రం స్టేజీ మీది మానిటర్లు, అంటే ఆడేవాళ్ల వైపు తిప్పిన బాక్సులు. రెండు వింగుల్లో తల ఎత్తులో ఒక్కొక్కటి లోపలికి తిప్పి పెట్టాలి, వాద్యకారుల ముందు ఇంకొకటి. అవి లేకపోతే నర్తకికి నేరుగా వచ్చే పాట కాకుండా హాలు వెనక గోడకు తగిలి తిరిగొచ్చే పాట వినబడుతుంది, అది ఆలస్యంగా వస్తుంది. అప్పుడు నట్టువాంగం (తాళం వేస్తూ జతులు చెప్పడం) ఒకచోట, అడుగు ఒకచోట. జనం నర్తకిని తప్పుపడతారు, తప్పు బాక్సుది.

మైకుల లెక్క: గాత్రానికి రెండు, నట్టువాంగానికి ఒకటి, మృదంగానికి కుడికీ ఎడమకీ రెండు, వయొలిన్, వేణువు, వీణలకు ఒక్కొక్కటి. మొత్తం ఎనిమిది. వీటికి వాచికం (పాత్రలు పలికే మాటలు) మైకులు అదనం. భామాకలాపంలో సత్యభామ చెలికత్తె మాధవి వేషం సంప్రదాయంగా నాటకం నడిపే సూత్రధారుడే వేస్తాడు, వాద్యకారుల దగ్గరే నిలబడి సత్యభామతో మాట్లాడతాడు. ఆయనకు పొడుగు వైరున్న చేతి మైకు చాలు. సత్యభామకు మాత్రం కాలర్ మైకు తప్పదు. దాన్ని గుండె మీద పెడితే హారాలు తగిలి గలగలమంటుంది. జుట్టు మొదట్లో, పాపిట బిళ్ల పక్కన ఆసుపత్రి టేపుతో అంటించాలి. నడుముకు కట్టే డబ్బాను పల్చటి ప్లాస్టిక్ కవర్లో చుట్టాలి, లేదంటే చెమట దిగి గంటలోపే నోరు మూసుకుంటుంది. ఏ రోజుకారోజు కొత్త బ్యాటరీలు వేయండి.

వాద్యకారులకు అడుగు ఎత్తులో 12×8 వేదిక వేయండి. నట్టువాంగం చేసే ఆయనకు నర్తకి పాదాలు కనబడాలి, అడ్డంగా స్పీకరుగానీ పూలకుండీగానీ ఉండకూడదు. ఏసీ గాలి, ఫ్యాను గాలి మృదంగం మీద సూటిగా కొట్టకూడదు. ఎడమ వైపు పెట్టిన రవ్వ ముద్ద ఎండిపోతే నాదం మారిపోతుంది. ఏసీ వేసి హాలు చల్లబడ్డాకే శ్రుతి చేసుకోమనండి.

ఖర్చు తగ్గించుకోవడానికి వాద్యకారులు వద్దు, రికార్డు పాట చాలు అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. కూచిపూడిలో మాట, పాట, జతి ఒకదానిలోంచి ఒకటి పుడతాయి. సత్యభామ ఒక చూపు చూసి ఆగితే మృదంగం కూడా ఆగాలి, రికార్డు ఆగదు. పైగా కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారి నృత్యనాటకాలు చాలావాటికి సంగీతం సమకూర్చిన పట్రాయని సంగీతరావు గారు సాలూరు పట్రాయని వారే. వారి తండ్రి సీతారామశాస్త్రి గారు విజయనగరం సంగీత కళాశాలలో ఘంటసాలకు గురువు. ఆ ఊళ్లో పెన్‌డ్రైవ్ పెట్టి కూచిపూడి ఆడించడం బాగుండదు.

లైట్ల విషయంలో రెండే చెబుతాను. ఒకటి కరెంటు. కిలోవాటు హాలోజెన్లు 12 పెడితే 12 కిలోవాట్లు. ఒకే ఫేజు మీద వేస్తే 50 ఆంపియర్లు దాటి ఎంసీబీ పడిపోతుంది, రెండు ఫేజుల మీద పంచి, మూడోది సౌండుకు వదలాలి. సౌండును డిమ్మర్లు (వెలుగు తగ్గించే, పెంచే పరికరాలు) ఉన్న ఫేజు మీద పెడితే బాక్సుల్లో జుయ్యిమని మోత వస్తుంది. లైట్లు 12, సౌండు 4 కలిపి 16 కిలోవాట్లు, దానికి 25 కేవీఏ జనరేటరు సరిపోతుంది. హాలు ఏసీల లెక్క వేరు. డిజిటల్ మిక్సర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించండి. కరెంటు పోయి జనరేటరు అందుకునేది క్షణాల్లోనే అయినా, మిక్సరు మళ్లీ లేచేసరికి ఒక చరణం అయిపోతుంది.

రెండోది తెర. సత్యభామ ప్రవేశానికి ఇద్దరు మనుషులు అడ్డతెర పట్టుకుంటారు. దాని వెనక నుంచి ఆవిడ జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. నన్ను గెలిచేవాళ్లుంటే రండి అన్న సవాలు అది. ఆ క్షణంలో వెనక లైటు వెలుగుతుంటే పల్చటి తెరలోంచి మనిషి నీడంతా కనబడిపోతుంది, జడ పడడంలో ఉన్న అందం పోతుంది. అందుకని ప్రవేశ దరువు (పాత్ర వచ్చేటప్పటి పాట) మొదలవగానే వెనక లైట్లు ఆపి, ముందు నుంచి తెర మీదికి మాత్రమే వెలుగు ఉంచాలి. ఆవిడ మొహం చూపించాకే మిగతావి. ఈ ఒక్క సూచన లైట్లాయనకు కాగితం మీద రాసివ్వండి, పొద్దున రిహార్సల్లో రెండుసార్లు చేయించండి. తెర పట్టుకునేవాళ్లు ఒకే ఎత్తు ఉండాలి.

ప్రహ్లాదలో కాగడా మీద గుగ్గిలం చల్లి మంట లేపే సంప్రదాయం ఉంది. హాలు వాళ్ల రాతపూర్వక అనుమతి, పక్కన అగ్నిమాపక సిలిండరు లేకుండా ఒప్పుకోకండి. ఎర్ర లైటుతో కూడా ఆ దృశ్యం బాగా పండుతుంది. హిరణ్యకశిపుడి సింహాసనానికి ప్లాస్టిక్ కుర్చీకి గుడ్డ చుట్టి ఇవ్వకండి. ఆయన దాని మీంచి లేచే ఊపుకు అది నిలవదు.

టైము. ఆరున్నరకు ఆట అంటే ఆహార్యం (వేషం కట్టడం) మూడింటికల్లా మొదలవ్వాలి. రాకిడి, సూర్యచంద్రులు, జడబిళ్లలు అనే తల నగలు కుట్టడానికే గంట పడుతుంది, పారాణి ఆరడానికి ఇంకో పావుగంట. గ్రీన్‌రూములో తెల్లటి వెలుగున్న అద్దాలు ఆరేడు, ప్లగ్గులు, ఇస్త్రీ పెట్టెలు రెండు, పక్కనే నీళ్లున్న బాత్రూము ఉండాలి. టిఫిను మూడున్నర లోపే పెట్టేయండి, ఇడ్లీ ఉప్మా లాంటివి. తర్వాత మజ్జిగ, నీళ్లు. హాలు పొద్దున తొమ్మిదికే మీ చేతికి రావాలి. సాయంత్రానికి మాత్రమే మాట్లాడుకుంటే రిహార్సలు ఉండదు, రిహార్సలు లేని స్టేజీ మీద 14 మంది ఒకరినొకరు గుద్దుకుంటారు.

సభ గురించి నిక్కచ్చిగా ఉండండి. గజ్జె కట్టినవాళ్లను ముఖ్య అతిథి కోసం గంటన్నర కూర్చోబెట్టడం మన ఊళ్లలో చాలా చోట్ల జరిగే అన్యాయం. వేడెక్కిన ఒళ్లు చల్లబడిపోయి మొదటి జతికే పిక్కలు పట్టేస్తాయి. ఉపన్యాసాలు, శాలువాలు అన్నీ ఆట అయ్యాక పెట్టుకోండి. అతిథికి ఇచ్చే ఉత్తరంలోనే “ప్రదర్శన సరిగ్గా 6.30కి ప్రారంభం” అని రాయండి. ఎనిమిదిముప్పావుకు ముగిస్తే బొబ్బిలి, చీపురుపల్లి వైపు వెళ్లేవాళ్లు బస్సు కోసం మధ్యలో లేచిపోరు.

తేదీ ఇంకా మార్చుకునే వీలుంటే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం వారం వదిలేయండి, ఊళ్లో గదులు దొరకవు. మూడో రోజు శ్రీకాకుళంలో కూడా ఆడించాలనుకుంటే రథసప్తమి దగ్గర పెట్టుకోకండి, అరసవల్లి జనంతో ఊరు నిండిపోతుంది. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. టిక్కెట్లు అక్కడికే తీసినా ఊళ్లోకి బండ్లు విడిగా చూసుకోవాలి. మనుషులకు ఒకటి, పెట్టెలకు వేరే ఒకటి. రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, 22 మందికి ఆ రోజే చేయించేయండి.

రెండో రోజు పొద్దున్న ఖాళీగా వదలకండి. 1919లో పెట్టిన మహారాజా సంగీత, నృత్య కళాశాల ఊళ్లోనే ఉంది. అక్కడ గంటసేపు ఆడి చూపిస్తూ చెప్పే సోదాహరణ ప్రసంగం పెట్టిస్తే పిల్లలు సాయంత్రం వాళ్ల ఇళ్లవాళ్లను లాక్కొస్తారు. గంటకు మించనివ్వకండి, సాయంత్రం మళ్లీ ఆడాలి కదా.

టిక్కెట్టు పెడితే 500 రూపాయలు దాటించకండి, ఆ లోపు నాట్య ప్రదర్శన ప్రవేశానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. బృందానికిచ్చే పారితోషికం మీద టీడీఎస్ (ముందే కోసే పన్ను) ఎంతో మీ ఆడిటర్‌ను ముందే అడిగి, చేతికొచ్చే మొత్తం ఎంతో వాళ్లకు చెప్పండి. ఆఖరి రాత్రి కవరు చూసి తెలుసుకోకూడదు.

మొదటి రోజు ఆట అయిన వెంటనే గ్రీన్‌రూములో తాళ్లు కట్టించి దుస్తులు ఆరేయించండి, ఫ్యాన్లు రాత్రంతా తిరగనివ్వండి. చెమట దుస్తులు పెట్టెలో పడితే మర్నాటికి జరీ నల్లబడుతుంది. అందుకు ఆ రాత్రి గదికి తాళం, కాపలా మనిషి, హాలు వాళ్లతో ముందే కుదుర్చుకోండి.