ఇటలీలో కొండ మీది పాత ఊరికి రెండు రోజులు కేటాయించడం దండగా? ఓర్వియేతో అయితే కాదు

అడిగిన ప్రశ్న ఇది: "మొదటిసారి ఇటలీ వెళ్తున్నాం, చేతిలో పది రోజులున్నాయి. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ ఎలాగూ ఉన్నాయి. వాటి మధ్యలో కొండ మీది పాత ఊరు ఒకటి పెట్టుకుంటే ఉపయోగం ఉందా? ఉంటే ఎందుకు?"

ఉంది. ఊరి పేరు కూడా చెప్పేస్తాను: ఓర్వియేతో. రోమ్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళే పాత రైలు మార్గం మీదే, ఉంబ్రియా ప్రాంతంలో ఉంటుంది. చాలామంది పొద్దున పదింటికి దిగి, చర్చి ముందు ఫోటోలు తీసుకుని, నాలుగింటి రైలెక్కేస్తారు. అలాగైతే వెళ్ళకపోయినా నష్టం లేదు. వెళ్తే రెండు రాత్రులు ఉండండి. కావాలంటే ఫ్లోరెన్స్‌లో ఒక రాత్రి తగ్గించుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ ఊళ్ళో ఏది ఎందుకలా ఉందో కాళ్ళ కింద రాయే చెప్తుంది. ఓర్వియేతో ఉన్నది అగ్నిపర్వతాల బూడిద గట్టిపడి ఏర్పడిన బల్లపరుపు గుట్ట మీద. ఆ రాయిని అక్కడివాళ్ళు తూఫో అంటారు. చుట్టూ నిలువుగా తెగిన చరియలు, కొన్నిచోట్ల యాభై మీటర్ల ఎత్తు. చేతి పనిముట్లతో తొలిచేంత మెత్తన, తొలిచిన గుహ కూలకుండా నిలిచేంత గట్టి. అందుకే ఊరి కింద 1,200కు పైగా గుహలున్నాయి. ఆలివ్ నూనె గానుగలు, వైన్ దాచే నేలమాళిగలు, పాత బావులు అన్నీ అక్కడే. కొన్ని గదుల్లో గోడల నిండా జానెడు జానెడు గూళ్ళు వరసగా చెక్కి ఉంటాయి. అవి పావురాల కోసం. చరియ వైపు చిన్న కిటికీ వదిలితే పావురాలు లోయలోకి పోయి మేత అవే చూసుకుని వస్తాయి, ఇంట్లో వాళ్ళకు మాంసానికి లోటుండదు. ఈ గుహల్లోకి గైడుతోనే పంపుతారు, సుమారు గంట పడుతుంది. ఇంగ్లీషులో చెప్పే టూర్లు రోజుకు కొన్నే కాబట్టి ఊళ్ళోకి చేరగానే దువోమో, అంటే ఊరి పెద్ద చర్చి, ఎదురుగా ఉన్న ఆఫీసులో టైము కనుక్కుని టికెట్ తీసుకోండి.

ఇక అసలు చిక్కు. తూఫోలో వాన నీరు నిలవదు, ఇంకిపోతుంది. ఇంకి ఇంకి, అడుగున ఉన్న బంకమన్ను పొర దగ్గర ఆగుతుంది. అంటే శత్రువు ఎక్కలేని కొండ దొరికింది గానీ పైన ఊట నీళ్ళు లేవు. చుట్టుముట్టి కూర్చుంటే చాలు, ఊరు లొంగిపోవాల్సిందే. రోమన్లకు ముందు ఇక్కడ బతికిన ఎట్రుస్కన్ల కాలం నుంచీ ఈ ఊరికి ఇదే భయం. 1527లో ఐదో చార్లెస్ చక్రవర్తి సైన్యం రోమ్‌ను దోచుకున్నప్పుడు పోప్ ఏడో క్లెమెంట్ తప్పించుకుని ఇక్కడికే చేరాడు. ముట్టడి వస్తే నీళ్ళెలా అని ఆంతోనియో ద సాంగాల్లో అనే వాస్తుశిల్పికి బావి పని అప్పజెప్పాడు. అదే సాన్ పత్రీత్సియో బావి. పని పూర్తయ్యేసరికి 1537 వచ్చింది. క్లెమెంట్ అప్పటికి లేడు.

ఈ బావిని తీరిగ్గా చూడాలి. లోతు 53 మీటర్లు, వెడల్పు 13 మీటర్లు. చుట్టూ గోడలో రెండు మెట్ల దారులు, ఒకదానిపై ఒకటి పెనవేసుకున్నట్టు తిరుగుతూ దిగుతాయి. ఒక్కో దారికి 248 మెట్లు. దిగే ద్వారం ఒక పక్క, ఎక్కే ద్వారం సరిగ్గా దానికి ఎదురు పక్క. రెండు దారులూ అడుగున తప్ప ఎక్కడా కలవవు. కారణం కంచరగాడిదలు. ఖాళీ కడవలతో దిగే గాడిదకు నిండు కడవలతో వచ్చేది ఎదురైతే ఆ ఇరుకులో రెండూ ఆగిపోతాయి. అందుకని ఒక దారిన దిగి, అడుగున నీటి మీది చిన్న వంతెన దాటి, రెండో దారిన పైకి రావడం. మెట్లు వెడల్పుగా, కాస్త వాలుగా ఉండటం కూడా గాడిద కాలికి అనువుగా చేసిందే.

దిగేటప్పుడు కుడిఎడమల గోడ చూస్తూ ఉండండి. పై భాగం తూఫోనే తొలిచింది. కొంత లోతుకు వెళ్ళాక ఇటుక కట్టడం మొదలవుతుంది. ఆ మార్పు కనిపించిన చోటే మీరు బంకమన్ను పొరలోకి వచ్చారన్నమాట. మెత్తని మన్ను జారిపోకుండా ఇటుకతో బిగించారు. మధ్య గోడలో డెబ్భై కిటికీలు. వెలుతురుకు పై నోరే ఆధారం, అక్కడ పడ్డ ఎండ కిటికీ కిటికీకీ పలచబడుతూ దిగుతుంది. వంతెన మీద నిలబడి తల ఎత్తితే ఆకాశం కంచమంత కనిపిస్తుంది, ఎదుటి కిటికీల్లో మనుషులు ఎక్కుతూ దిగుతూ ఉంటారు గానీ ఎవరూ ఎవరికీ ఎదురుపడరు. ఐదు వందల ఏళ్ళ కిందటి ఈ ఆలోచన కంటిముందు పనిచేస్తుంటే చూడటానికి మనిషికి ఒక అరగంట కేటాయించలేమా?

జాగ్రత్తలు రెండే. అడుగున చల్లగా, తేమగా ఉంటుంది, మెట్లు జారతాయి. చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి, మే నెలలో కూడా పైన ఒక పలచని స్వెటర్ ఉంచుకోండి. రెండోది మోకాళ్ళు. మధ్యలో బయటపడే దారి లేదు, దిగినన్ని మెట్లూ ఎక్కాల్సిందే. అనుమానం ఉన్న పెద్దవాళ్ళు పక్కనే అల్బోర్నోజ్ కోట తోటలో బెంచీ మీద కూర్చోవచ్చు, అక్కడి నుంచి లోయంతా కనిపిస్తుంది.

రైలు సంగతి. రోమ్ పెద్ద స్టేషన్ తెర్మినీ నుంచి రెజియోనాలే, అంటే ప్రాంతీయ రైలుకు గంటా పావు నుంచి గంటన్నర. కొన్ని రైళ్ళు 1 ఎస్త్, 2 ఎస్త్ అనే ప్లాట్‌ఫామ్‌ల నుంచి బయల్దేరతాయి. అవి ప్రధాన ప్లాట్‌ఫామ్‌లకు దూరం, నడవడానికే పది నిమిషాలు పడుతుంది. బోర్డు మీద "ఎస్త్" అని కనిపించగానే కదలండి. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు మెషీన్లో ముద్ర వేయించాలి, ఫోన్లో కొన్నదైతే చెక్-ఇన్ నొక్కాలి. మరిచిపోతే జరిమానా పడుతుంది, తెలియదన్నా వినరు.

స్టేషన్ కొండ కింద. ఎదురుగానే ఫునికులారే, అంటే కొండెక్కే తాడు రైలు. 1888లో మొదలైనప్పుడు ఇది నీటి బరువుతో నడిచేది: పై పెట్టె తొట్టిలో నీళ్ళు నింపితే అది బరువెక్కి దిగుతూ, తాడుకు రెండో చివర ఉన్న కింది పెట్టెను పైకి లాగేది. 1970లో ఆగిపోయి, 1990లో కరెంటుతో మళ్ళీ మొదలైంది. పైన పియాత్సా కాహెన్ అనే కూడలిలో దిగాక దువోమోకు చిన్న బస్సు ఉంటుంది. తాడు రైలు రాత్రి తొందరగానే ఆగిపోతుంది కాబట్టి ఆఖరి ట్రిప్పు టైము ముందే చూసుకోండి, దాటితే బస్సో టాక్సీయో దిక్కు.

కారు మాత్రం వద్దు. ఇలాంటి కొండ ఊళ్ళలో చాలావాటిలో జెడ్‌టీఎల్ అని ఉంటుంది, బయటి వాహనాలకు ప్రవేశం లేని ప్రాంతం. ఎర్ర వలయం ఉన్న బోర్డు, పైన కెమెరా. ఎవరూ ఆపరు, విజిల్ ఊదరు. ఇంటికొచ్చిన కొన్ని నెలలకు జరిమానా కాగితం వస్తుంది, దారి తప్పి మూడుసార్లు దాటితే మూడు జరిమానాలు. దాని మీద అద్దె కారు కంపెనీ వాళ్ళ రుసుము వేరు. కారు తప్పనిసరైతే కింద కాంపో దెల్లా ఫియెరాలో పెట్టి ఎస్కలేటర్లో పైకి రండి. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ పర్మిట్ కూడా ఉండాలి. అలాగే చక్రాలున్న పెద్ద పెట్టెలూ వద్దు. రాళ్ళు పరిచిన వీధుల్లో అవి దొర్లవు, చక్రాలు ఊడతాయి. వీపు సంచీలో రెండు రోజుల బట్టలు చాలు.

రాత్రి ఉండమనడానికి రెండో కారణం దువోమో. 1290లో మొదలుపెట్టారు. పక్క గోడలు తెల్ల ట్రావర్టీన్, నల్ల బసాల్ట్ రాళ్ళతో చారలు చారలుగా ఉంటాయి. ముఖభాగం పడమటి వైపు కాబట్టి పైన బంగారు మొజాయిక్ మీద ఎండ పడేది సాయంత్రమే, నాలుగింటి రైలు వాళ్ళు వెళ్ళిపోయాక. అందరూ పైకే చూస్తారు, కంటి ఎత్తులో ఉన్న నాలుగు స్తంభాలను వదిలేస్తారు. ఎడమ చివరన సృష్టి కథ, కుడి చివరన తుది తీర్పు, మధ్యలో మిగతా బైబిలు. ఆ వరసలోనే చదవండి. లోపల సాన్ బ్రిత్సియో గదిలో లూకా సిన్యొరెల్లి 1499 నుంచి 1504 వరకు వేసిన చిత్రాలున్నాయి. చనిపోయినవాళ్ళు నేలలోంచి లేచే గోడ దగ్గర ఆగండి. ఒకడు రెండు చేతులూ నేలకు ఆన్చి నడుము దాకా పైకొచ్చాడు, పక్కన ఇంకా కండ పట్టని అస్థిపంజరం నిలబడి ఉంది. క్రీస్తు విరోధి బోధించే చిత్రంలో ఎడమ మూలన నల్ల బట్టల్లో ఉన్న ఇద్దరిలో ఒకరు సిన్యొరెల్లి, రెండోవాడు 1447లో ఈ గది పని మొదలుపెట్టి మధ్యలో వదిలిన ఫ్రా ఆంజెలికో.

తిండి గురించి శాకాహారులు భయపడక్కర్లేదు. ఊరి పాస్తా ఉంబ్రికెల్లి, గుడ్డు లేకుండా పిండీ నీళ్ళతో చేత్తో పొడవుగా, లావుగా పాముతారు. ఆరబ్బియాతా అని అడిగితే టమాటా, వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి ఇస్తారు, మన నాలుకకు సరిపోతుంది. నొర్చీనా అని ఉంటే సాసేజి ఉంటుంది, చింగియాలే అంటే అడవి పంది. సూప్ అడిగితే బ్రోదో, అంటే అందులోని రసం, దేంతో చేశారో కనుక్కోండి, చాలాసార్లు మాంసం రసమే. పెకోరినో చీజులో కూడా సాధారణంగా జంతువుల రెన్నెట్, అంటే పాలు విరగడానికి వాడే, పశువు పిల్లల కడుపులోంచి తీసిన పదార్థం, ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్ళు వద్దని చెప్పాలి. రొట్టెలో ఉప్పుండదు, అక్కడి పద్ధతే అది. మధ్యాహ్నం రెండున్నర దాటాక చాలా వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ ఏడున్నరకే. పిల్లలుంటే బిస్కెట్లూ పండ్లూ దగ్గర పెట్టుకోండి. గురువారం, శనివారం పియాత్సా దెల్ పోపొలోలో సంత జరుగుతుంది.

చీవిటా ది బాన్యోరెజ్యో కూడా అందరూ అడుగుతారు. మూడు వందల మీటర్ల నడక వంతెన చివర, అడుగున మన్ను జారిపోతూ ఒంటరిగా మిగిలిన చిన్న ఊరు. ఓర్వియేతో నుంచి బస్సుంది, ఆదివారాలు నమ్ముకోవద్దు. రెండు గంటల్లో అయిపోతుంది, మకాం మాత్రం ఓర్వియేతోలోనే పెట్టండి. వెళ్ళడానికి ఏప్రిల్ నుంచి జూన్, సెప్టెంబరు, అక్టోబరు మంచివి. ఏడాది చివర జాజ్ సంగీతోత్సవం అప్పుడు గదులు దొరకడం కష్టం.

రెండో రోజు పొద్దున చరియ అడుగున ఊరి చుట్టూ ఉన్న కాలిబాట నడవండి, ఐదు కిలోమీటర్లు. తల పైన పావురాల కిటికీలు కనిపిస్తాయి, కాళ్ళ దగ్గర బంకమన్ను తేమగా ఉంటుంది. ఆ మన్ను జారి ఊరి అంచులు విరిగిపడుతుంటే గుట్టను కాపాడటానికి 1978లో ఇటలీ ప్రత్యేక చట్టమే చేసింది. దారిలో క్రోచిఫిస్సో దెల్ తూఫో వస్తుంది, క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దపు ఎట్రుస్కన్ల సమాధులు. వీధులు వేసి ఇళ్ళలా వరసగా కట్టారు. ప్రతి గుమ్మం పై రాతి మీద కుడి నుంచి ఎడమకు చెక్కిన అక్షరాలు వెతకండి. చాలావాటిలో మొదటి మాట "మి", అంటే "నేను". ఆ తర్వాత ఇంటి యజమాని పేరు.