అరగంట పరీక్షలో ఉద్యోగార్హత తేలుతుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 20 ఏళ్లు. ఆటిజం, కొంత మేధో వైకల్యం ఉన్నాయి. ఈమధ్య వొకేషనల్ అసెస్‌మెంట్ చేయించాం. అరగంటసేపు నట్లు, బోల్టులు వేరుచేయమన్నారు. మధ్యలో ప్రశ్నలు అడిగేసరికి వాడు చేతులు ముడుచుకుని కూర్చుండిపోయాడు. ఉద్యోగానికి తగిన నైపుణ్యాలు లేవని రాసిచ్చారు. ఇంట్లో మాత్రం ఉతికిన బట్టలు అంచులు కలిపి మడతపెట్టి, ఎవరివి వాళ్ల అరలో సర్దుతాడు. ఏది నమ్మాలి మేడమ్?
– ఒక తల్లి

జవాబు: ఆ బట్టల మడతనే నమ్మండమ్మా. కొత్త గది, కొత్త మనిషి, ఎందుకు చేయాలో తెలియని పని, పైగా మధ్యమధ్యలో ప్రశ్నలు. ఆటిజం ఉన్న చాలామందికి చేస్తున్న పని ఆపి బదులివ్వడం, మళ్లీ పని అందుకోవడం కష్టం. ఆ అరగంటలో బయటపడింది ఆ కష్టమే. దాన్ని పట్టుకుని ఒక కుర్రాడి మీద ముద్ర వేసేస్తే నాకు చాలా బాధగా ఉంటుంది.

మళ్లీ అసెస్‌మెంట్ చేయమని అడగండి. ఈసారి నిజంగా పని జరిగే చోట, కొన్ని రోజులపాటు. ఇంట్లో బట్టలు సర్దుతుండగా, అతనికి ఇష్టమైతేనే, వీడియో తీసి వాళ్లకు ముందుగా చూపించండి.

లాండ్రీలో తువ్వాళ్లు మడవడం అనుకుందాం. బుట్టలోంచి తీయడం, పరచడం, అంచులు కలపడం, మడవడం, దొంతర పెట్టడం: ఇలా పనిని విడగొట్టాలి. ప్రతిచోటా తనంతట తానే చేశాడా, వేలితో చూపిస్తే చేశాడా, చేసి చూపించాల్సి వచ్చిందా, చెయ్యి పట్టి చేయించాల్సి వచ్చిందా అన్నది రాసుకోవాలి. మొదటిరోజు కాగితం చూసి తీర్పు చెప్పకూడదు. రోజులు గడిచేకొద్దీ సాయం తగ్గుతోందా? నేను ముందుగా వెతికేది అదే.

తగ్గకపోతే పని అమరికను మార్చి చూడాలి. 1970ల్లో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు మేధో వైకల్యం ఉన్నవారికి సైకిల్ బ్రేకు బిగించడం నేర్పాడు. ఒక్కో భాగాన్ని బిగించేటప్పుడు తమకు ఎదురుగా ఉండాల్సిన వైపు రంగు వేస్తే, వాళ్లు మరింత సులువుగా నేర్చుకున్నారు.

చేతిపనితోనే ఆగిపోవద్దు. మాటతోనో, కార్డు చూపించో సాయం అడగగలడా? మోత తట్టుకుంటాడా? విరామం అయ్యాక తిరిగి వస్తాడా? తప్పు దిద్దితే ఎలా ఉంటాడు? చాలాసార్లు ఉద్యోగం నిలిచేది వీటి మీదే.

మీ అబ్బాయికి ఏ పని ఇష్టమో కూడా తెలుసుకోవాలి. నోటితో చెప్పలేకపోవచ్చు. రెండు పనులు ఎదురుగా పెట్టి, దేని దగ్గరికి వెళ్తాడో, ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తాడో గమనించమనండి. అది కూడా రిపోర్టులో రాయాల్సిందేనని గట్టిగా అడగండి.