లైయోలో చేరిన అల్లుడికి

విజయవాడ

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నిన్ను లైయో సెక్షన్‌లో, అంటే మందుని గడ్డకట్టించి వాక్యూమ్‌లో ఎండబెట్టే చోట, వేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గుంటూరు నుంచి రోజూ షిఫ్టు బస్సులో వెళ్తున్నావట. సరే, పనికొచ్చే నాలుగు ముక్కలు రాస్తున్నా.

ప్యానెల్ మీద కనిపించే షెల్ఫ్ టెంపరేచర్ షెల్ఫుల్లో తిరిగే ఆయిల్‌ది, మందుది కాదు. ప్రైమరీ డ్రైయింగ్‌లో, అంటే మొదటి విడత ఎండబెట్టేటప్పుడు, ఐసు కరగకుండా నేరుగా ఆవిరవుతూ వయల్‌లో (మందు సీసాలో) వేడిని లాగేసుకుంటుంది. షెల్ఫ్ మైనస్ 15లో ఉన్నా వయల్ అడుగున మైనస్ 34 కనపడొచ్చు. సుక్రోజ్ ఎక్కువున్న మందు సుమారు మైనస్ 32 దాటి వేడెక్కిందంటే కేక్, అంటే ఎండాక మిగిలే మందు ముద్ద, కుంగిపోతుంది. ఆ గీతకి రెండు మూడు డిగ్రీల కింద ఉండాలి. షెల్ఫ్ రీడింగ్ అర డిగ్రీ కదిలితే టెన్షన్ పడే కుర్రాళ్ళు, వయల్‌లో పెట్టిన ప్రోబ్ (మందు టెంపరేచర్ కొలిచే తీగ) రెండు డిగ్రీలు ఎక్కినా పట్టించుకోరు. నువ్వు అలా చెయ్యకు.

ఆ ప్రోబ్‌నే థర్మోకపుల్ అంటారు. దాని కొన వయల్ అడుగున, సరిగ్గా మధ్యలో తాకాలి. ఐసు పైనుంచి తరుగుతూ వస్తుంది, చివరికి మిగిలేది అడుగునే. కొన పైకి లేస్తే అప్పటికే ఎండిన భాగంలో ఉండి నిన్ను మోసం చేస్తుంది. తీగ బిగించాక వయల్‌ని కంటి ఎత్తుకి లేపి ఒకసారి చూసుకో. ప్రోబులన్నీ ఒకేచోట పెట్టకు. తలుపు వైపు, అంచుల్లో ఉన్నవాటికి గోడల వేడి తగిలి ముందే ఎండుతాయి. మధ్యలోవి వెనకబడతాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ప్రోబ్ ఉన్న వయల్ మిగతావాటిలాంటిది కాదు. లోపల తీగ ఉండటం వల్ల అది ముందే గడ్డకడుతుంది, ఐసు పలుకులు పెద్దవిగా ఏర్పడతాయి, ఆవిరి సులువుగా బయటికి పోతుంది. కాబట్టి అందరికంటే ముందు ఎండిపోతుంది. పంక్తిలో మొదటివాడు లేచాడని విస్తళ్ళు తీసేస్తామా? ప్రోబ్ రీడింగ్ షెల్ఫ్‌ని అందుకున్నా ఆగు. చాంబర్ ప్రెషర్ చూపించే పిరానీ గేజ్ చూడు. చాంబర్ నిండా నీటి ఆవిరి ఉన్నంతసేపూ అది పక్కనుండే రెండో ప్రెషర్ గేజ్, అంటే కెపాసిటెన్స్ గేజ్ కంటే దాదాపు 1.6 రెట్లు ఎక్కువ చూపిస్తుంది. ఆవిరి తగ్గాక దిగొచ్చి దాంతో కలుస్తుంది. అది ఒక్క వయల్ మాట కాదు, బ్యాచ్ మొత్తం మాట.

కాలిబ్రేషన్ స్టిక్కర్ తేదీ చూడటం నీకు నేర్పక్కర్లేదు.

రోహిణి కార్తెలో మాత్రం కండెన్సర్ మీద కన్నేసి ఉంచు. మన ఎండలకి కూలింగ్ టవర్ నీళ్ళు వేడెక్కి కంప్రెసర్ ఆయాసపడుతుంది. కండెన్సర్ చల్లదనం తగ్గితే ఆవిరిని పట్టుకోలేదు. చాంబర్‌లో ప్రెషర్ పెరుగుతుంది, వెనకే మందు టెంపరేచర్ కూడా.

రాత్రి షిఫ్టులో ఒక్క ప్రోబే ఉన్నట్టుండి ఎగిరితే తీగ సంగతి అనుమానించి, టైముతో సహా రికార్డులో రాయి. అన్నీ కలిసి ఎక్కుతుంటే వెంటనే సూపర్‌వైజర్‌కి ఫోన్ చెయ్యి. నిద్ర చెడగొట్టావని తిట్టినా పర్లేదు.

మీ మామయ్య